జోనంగి: గోదావరి డెల్టా జాగిలం

జోనంగి ఆంధ్ర తీరానికి చెందిన దేశవాళీ జాగిలం. కృష్ణా, గోదావరి నదుల మధ్య పల్లపు భూములు, వాటి నడుమనున్న కొల్లేరు, సముద్రం వైపు జారిన లంకలు, ఇసుక దిబ్బలు దీని స్వస్థలం. కొల్లేటి జాగిలం అన్నా ఇదే. కుక్క మధ్యరకం ఎత్తు ఉంటుంది. ఒళ్ళు సన్నం, రొమ్ము లోతు, పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటుంది. కాళ్ళు పొడుగు, మూతి కోసుగా సాగి ఉంటుంది. చెవులు నిక్కి ఉంటాయి, కొన్నింటికి కొసలు వంగుతాయి. నుదుటి మీద ముడతలు పడి ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు కనిపిస్తుంది. వెంట్రుక ఎంత పొట్టిదంటే చర్మం కింద కండ కదలడం తెలుస్తుంది. గోధుమ వన్నె, తెలుపు, నలుపు, చాక్లెట్ రంగుల కుక్కలున్నాయి. ఒకే రంగువీ ఉన్నాయి, మచ్చలవీ ఉన్నాయి.

ఈ కుక్కను ఇతర కుక్కల నుంచి వేరుచేసే గుణాలు మూడు. మొదటిది గొంతు. జోనంగి మామూలు కుక్కలా మొరగడం అరుదు. స్వరాన్ని ఎత్తుతూ దింపుతూ సాగదీసి కూత పెడుతుంది. ఆఫ్రికాలోని కాంగో ప్రాంతపు బసెంజీ జాతికి కూడా ఇలాంటి గొంతే ఉంది. రెండోది తవ్వే అలవాటు. ఎండవేళ నేలలో గొయ్యి తవ్వుకుని చల్లటి మట్టిలో పడుకుంటుంది, పిల్లలనూ అందులోనే పెట్టుకుంటుంది. మూడోది యజమానిని అంటిపెట్టుకునే గుణం. ఒక మనిషినో ఒక ఇంటినో తనదిగా ఎంచుకుంటే ఇతరుల చేతికి సులువుగా చిక్కదు. ఈ మూడు గుణాలూ ఈ జాతి చేసిన పనితో ముడిపడినవే. ఆ పని ఏమిటో, ఎప్పుడు పోయిందో తెలిస్తేనే ఈ కుక్క చరిత్ర అర్థమవుతుంది, దాన్ని ఈ రోజు ఎలా పెంచాలో కూడా తెలుస్తుంది.

వేటకుక్కలను ప్రపంచమంతటా రెండు తెగలుగా చూస్తారు. వాసన పట్టి జాడ తీసేవి ఒక తెగ. కంటితో చూసి, పరుగుతో అందుకునేవి రెండో తెగ. ఈ రెండో తెగనే సైట్‌హౌండ్ అంటారు. క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు రచయిత అరియన్ వేట మీద రాసిన పుస్తకంలో, చూపుతో తరిమే కుక్కల పెంపకాన్ని చాలా శ్రద్ధగా వివరించాడు. అరబ్బు దేశాల సలూకీ, ఇంగ్లండు గ్రేహౌండ్, అఫ్ఘాన్ హౌండ్ ఈ తెగవే. వీటిలో చిన్నవీ ఉన్నాయి. ఇటాలియన్ గ్రేహౌండ్ బరువు సుమారు 5 కిలోలే. విప్పెట్ 19వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండులోని గని కార్మికుల ఇళ్ళలో పెరిగింది. గ్రేహౌండును పోషించలేని పేదలు కుందేళ్ళ కోసం, పందేల కోసం పెంచుకున్న కుక్క అది. ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ దాన్ని 1891లో జాతిగా గుర్తించింది. గంటకు సుమారు 55 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు.

సైట్‌హౌండ్ ఒంటి తీరంతా వేగం కోసమే. దౌడు తీసేటప్పుడు ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్ళూ నేలను వదిలేస్తాయి. ఒకసారి కాళ్ళు పూర్తిగా చాచినప్పుడు, మరోసారి పొట్ట కిందకు ముడుచుకున్నప్పుడు. వెన్ను ధనుస్సులా వంగి సాగుతుంది. లోతైన రొమ్ములో పెద్ద గుండె, పెద్ద ఊపిరితిత్తులు ఉంటాయి. కంటి నిర్మాణం కూడా ప్రత్యేకమే. పొడుగు మూతి కుక్కల్లో చూపు కణాలు కంటి లోపల అడ్డంగా ఒక పట్టీలా ఒత్తుగా అమరి ఉంటాయి. అందువల్ల దూరాన నేలబారున ఏది కదిలినా వెంటనే పసిగడతాయి. పొట్టి మూతి కుక్కల్లో ఆ కణాలు నడిమధ్యన గుమిగూడుతాయి.

జోనంగిని ఈ తెగలో పూర్తిగా చేర్చడం కుదరదు. ఒంటి తీరు సైట్‌హౌండుదే. పారే జంతువు కంటపడితే వెంబడించే తీరూ అదే. అయితే సైట్‌హౌండు చేయని పని జోనంగి చేస్తుంది. మందను కాస్తుంది, నేల తవ్వి కలుగులో దాగిన ఎలుకను పట్టుకుంటుంది, నీళ్ళలో దిగి చేప పట్టుకుంటుంది. మనిషి చేతి ఎంపిక తక్కువగా పడి, నేల, వాతావరణం తీర్చిదిద్దిన ఆదిమ తరహా కుక్కలకూ, పరుగు కోసం పెంచిన జాగిలాలకూ నడుమ దీని స్థానం. ఆ నడిమి స్థానమే దీని విలువ.

దక్కనులో, తమిళ దేశంలో అచ్చమైన సైట్‌హౌండ్ జాతులున్నాయి. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ సరిహద్దుల మెట్ట భూముల్లో కార్వానీ జాగిలం ఉంది. దానికే ముధోల్ జాగిలమని పేరు. ఇప్పటి బాగల్‌కోట్ జిల్లాలోని ముధోల్ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే రాజులు దాన్ని చేరదీసి పెంచారు. 2016లో భారత సైన్యం ఆ కుక్కలను మీరట్ శిక్షణ కేంద్రానికి తీసుకుంది. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం జాతికి తెలుగువారితో సూటి సంబంధం ఉంది. విజయనగర కాలం నుంచి దక్షిణానికి వలసవెళ్ళి స్థిరపడిన తెలుగు రాజుల ఊరు అది. తెల్లటి ఒళ్ళు, గులాబీ రంగు ముక్కు గల ఆ వేటకుక్కను తరతరాలుగా నిలిపినవారిలో వారు ముఖ్యులు. ఆ చుట్టుపక్కలే చిప్పిపారై, కన్ని జాతులు పుట్టాయి. తమిళనాడు పశుసంవర్ధక శాఖ చెన్నై సైదాపేటలో ఈ కుక్కల కోసం ఒక పెంపక కేంద్రాన్ని నడిపింది.

ఈ జాతులకు రాజో, పాళెగాడో, సర్కారో అండ దొరికింది. జోనంగికి అలాంటి అండ దొరకలేదు. దాన్ని పెంచినవారు చేపలు పట్టేవారు, బాతులు మేపేవారు, లంకల్లో కూరగాయలు పండించేవారు. ఆంధ్ర తీరంలో జంతువుల వంశం పట్ల శ్రద్ధ తక్కువని అనలేం. పందెం కోడికి డేగ, కాకి, నెమలి అని రంగుల పేర్లున్నాయి, కుక్కుట శాస్త్రం ఉంది, తల్లిదండ్రుల చరిత్ర నోటిమీద చెప్పే పెద్దలున్నారు. ఒంగోలు గిత్తకు దేశదేశాల్లో పేరుంది, బ్రెజిల్‌లో దాని సంతతి కోట్లలో ఉంది. అదే నేల మీద, అదే ఇళ్ళ ముందు తిరిగిన కుక్కకు మాత్రం వంశం చెప్పే అలవాటు పుట్టలేదు. ఇంత తెలివైన జంతువుకు జరిగిన పెద్ద అన్యాయం ఇది. జాతి చేజారుతున్నప్పుడు ఎవరి దగ్గరా లెక్క లేకపోవడానికి కారణమూ ఇదే.

జోనంగి పెరిగిన నేల స్వరూపం రావులపాలెం దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెండింటి నడుమ భూమే కోనసీమ. రాజమండ్రి వైపు నుంచి వచ్చే జాతీయ రహదారి జొన్నాడ దగ్గర గౌతమిని దాటి రావులపాలెంలో కోనసీమ గడ్డ మీద కాలుపెడుతుంది. పడమరన సిద్ధాంతం దగ్గర వసిష్ఠను దాటి బయటపడుతుంది. నది పొడవునా లంకలు, వాటిలో అరటి, కంద, కూరగాయలు. లోపలికి వెళ్ళేకొద్దీ వరి చేలు, కొబ్బరి తోటలు, కాలువలు. ఇంకా దక్షిణాన అమలాపురం, రాజోలు దాటితే ఉప్పు నేలలు, సముద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో ఇదంతా కోనసీమ జిల్లా అయింది.

19వ శతాబ్దపు మొదటి సగం దాకా ఈ నేల వరదకూ కరువుకూ నడుమ నలిగింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని నుంచి తీసిన కాలువలు పరిస్థితిని మార్చేశాయి. రావులపాలెం ఎగువన ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకులు మధ్య డెల్టాకు నీళ్ళు పంచే చోట్లలో ఒకటి. నీరు నిలకడగా అందాక వరి విస్తరించింది, రెండో పంట వచ్చింది. సార్వా కోత శీతకాలంలో, దాళ్వా కోత వేసవి మొదట్లో. కోత కోసిన చేలో రాలిన గింజ, తడి మళ్ళలో నత్తలు, చిన్న పీతలు, పురుగులు. ఇవన్నీ బాతులకు మేత. డెల్టాలో బాతుల పెంపకం విస్తరించడానికి ఈ కాలువ సేద్యం పెద్ద ఆసరా.

బాతుల కాపరికి ఇల్లు ఒకచోట, బతుకు మరోచోట. కోతలు సాగేకొద్దీ మంద ఊరి నుంచి ఊరికి కదులుతుంది. వందల బాతులు కాలువలో ఈదుకుంటూ పోతుంటే కాపరి గట్టు మీద పొడుగాటి కర్రతో నడుస్తాడు. చేలోకి దించాక అవి అన్ని వైపులకూ పాకిపోతాయి. పక్కచేను కోయకుండా ఉంటే అందులో దిగిన బాతులు పంట నాశనం చేస్తాయి, కాపరికి తగాదా వస్తుంది. ఇద్దరు మనుషులు చేయలేని పనిని ఇక్కడ ఒక కుక్క చేస్తుంది. మంద అంచున తిరుగుతూ, తప్పిపోయే బాతును లోపలికి మళ్ళిస్తుంది. బాతు పిరికిది, ఒకటి బెదిరితే మందంతా చెదిరిపోతుంది. అందుకే నోరు చేసుకోని కుక్క, పళ్ళు వాడని కుక్క కావాలి. జోనంగి గొంతు, తేలికైన అడుగు ఈ పనికి సరిగ్గా సరిపోయాయి.

రాత్రి పని ఇంకా కష్టం. మందను దడి కట్టి లోపల ఉంచుతారు. నక్క, బావురుపిల్లి, ముంగిస, పాము, ఇవి కాక దొంగలు. చీకట్లో బెదిరిన బాతులు ఒక మూలకు చేరి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. దడి పక్కన గొయ్యి తవ్వుకుని పడుకున్న కుక్క అలికిడి వినగానే లేచి ఎదురెళుతుంది. బాతులు తెల్లవారక ముందే గుడ్లు పెడతాయి. కాపరి దీపం పట్టుకుని గుడ్లు ఏరుకునే వేళ కుక్క పక్కనే ఉంటుంది. గుడ్డు తాగే కుక్కనూ, బాతును నోట కరిచే కుక్కనూ ఏ కాపరీ ఉంచుకోడు. పనికొచ్చినదాని పిల్లలే మరో కాపరి చేతికి వెళ్ళేవి. పుస్తకాలు, పోటీలు, క్లబ్బులు లేకుండానే ఒక జాతి గుణం స్థిరపడిన దారి ఇది. యజమానిని వదలని స్వభావం కూడా ఇక్కడే బలపడి ఉంటుంది. తిరిగే బతుకులో ఇల్లు గుర్తుపెట్టుకునే కుక్క పనికిరాదు, మనిషిని గుర్తుపెట్టుకునే కుక్క కావాలి.

కొల్లేరులో ఈ సంబంధం మరింత గాఢంగా ఉండేది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన ఈ మంచినీటి సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు నీళ్ళు తెస్తాయి, ఉప్పుటేరు మిగులు నీటిని సముద్రంలోకి తీసుకుపోతుంది. సరస్సులోని దిబ్బల మీద ఊళ్ళున్నాయి. చేపలు పట్టే వడ్డీలు అక్కడి ముఖ్య జనం. తాటిదోనెల్లో తిరిగి వలలు వేసేవారు, బాతులు పెంచేవారు. కుక్కకు వేరే తిండి వండే పని లేదు. ఒడ్డున పారేసిన చిన్న చేపలు, తలకాయలు, ఎండు చేపలు, ఇంటి గంజి సరిపోయేవి. లోతు తగ్గిన నీళ్ళలో తనంతట తానే చేప పట్టుకునే నేర్పు కూడా జోనంగికి అలవడింది.

వేట ఈ కుక్క బతుకులో మరో భాగం. చెవులపిల్లి, ఉడుము, పందికొక్కు దాని లక్ష్యాలు. తెలుగు కావ్యాల్లో రాజుల వేటకు, చెంచుల వేటకు జాగిలాల గుంపులు వెంట నడుస్తాయి. డెల్టాలో వేట అంత వైభవం లేనిది, కూటికోసం చేసేది. కోతలయ్యాక చేలు విశాల మైదానమైనప్పుడు పరుగెత్తే జంతువును చూపుతో పట్టుకోవడానికి వీలుంటుంది. మిగతా కాలంలో గట్ల మీద, కొబ్బరి తోటల్లో చెవి, ముక్కు, గోళ్ళతోనే పని. అచ్చమైన సైట్‌హౌండుకు ఇక్కడ ఏడాదిలో కొన్ని నెలలే ఉపయోగం. జోనంగి మిశ్రమ స్వభావానికి ఇంతకంటే సహేతుకమైన కారణం కనిపించదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువుల వేటను నిషేధించింది. అది అవసరమైన చట్టమే. దానితో కుక్కకు మిగిలిన పని బాతులు, కాపలా, పందికొక్కులు.

ఆ మిగిలిన పని కూడా ఒక తరం లోపలే జారిపోయింది. 1970ల మధ్యలో కొల్లేటి లోపలి భూముల్లో సహకార సంఘాలకు చేపల చెరువులు ఇవ్వడం మొదలైంది. 1980లలో ప్రైవేటు చెరువులు వెల్లువెత్తాయి. శీలావతి, బొచ్చె పెంచి కలకత్తాకు లారీల్లో పంపే వ్యాపారం వరి కంటే లాభమైంది. 1990లలో తీరం వెంట రొయ్యల చెరువులు వచ్చాయి, కోనసీమ దక్షిణ మండలాల్లోనూ పొలాలు చెరువులయ్యాయి. చెరువైన నేలలో కొయ్యకాళ్ళు ఉండవు, పరిగె గింజ ఉండదు. బాతుల మందలు తగ్గాయి.

పనిపోయిన కుక్క ఊరికే మిగలలేదు, నేరస్థురాలైంది. చెరువులో చేపను పట్టుకుంది, ఎందుకంటే తరతరాలుగా అదే దాని తిండి. చెరువు గట్టులో గొయ్యి తవ్వింది, ఎందుకంటే అదే దాని ఇల్లు. గట్టుకు బొరియ పడితే నీళ్ళు కారతాయి, వానల్లో గట్టు తెగుతుంది, లక్షల రూపాయల చేప కాలువ పాలవుతుంది. చెరువుల యజమానులు కుక్కలను చంపించారు. ఏ గుణాల కోసం మనిషి ఈ కుక్కను దగ్గర పెట్టుకున్నాడో ఆ గుణాలే దాని ప్రాణం తీశాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రాంసర్ జాబితాలో చేర్చారు, 2006లో అక్రమ చెరువుల గట్లను పేల్చి తొలగించారు. గూడబాతులు, వలస పక్షులు, నీటి నాణ్యత మీద చర్చ జరిగింది. ఆ చర్చలో కొల్లేటి కుక్క ప్రస్తావనకు రాలేదు.

ఇతర కారణాలూ తోడయ్యాయి. గోదావరి లంకలు వరదకు పదేపదే మునుగుతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. కట్టు లేకుండా తిరిగే జంతువులకు ఇలాంటి విపత్తుల్లో రక్షణ లేదు. రేబిస్ భయం మరొకటి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో పిచ్చికుక్క కరిస్తే వైద్యానికి 1907లో ఏర్పడిన కూనూరు పాశ్చర్ సంస్థ దిక్కు. గోదావరి తీరం నుంచి నీలగిరి కొండలకు అది చాలా దూరం. ఆ భయంతో ఊళ్ళలో వదులుగా తిరిగే కుక్కలను చంపడం మామూలు విషయమైంది, మెడకు పట్టీ లేని జోనంగిని ఊరకుక్క నుంచి వేరుచేసి చూసేవారు లేరు. వీధికుక్కలను చంపకుండా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయాలనే నిబంధనలు 2001లో వచ్చాయి. వాటిని 2023లో మార్చి మళ్ళీ ప్రకటించారు. ఈలోగా పట్నాల్లో పమేరియన్, అల్సేషన్, లాబ్రడార్ కుక్కల మోజు పెరిగింది. ఊరి జాగిలానికి ఊరకుక్కలతో, విదేశీ కుక్కలతో కలయిక ఎక్కువై అసలు రూపం పలచబడింది.

దేశవాళీ కుక్కల పట్ల ఆసక్తి ఈ మధ్యే కాస్త పెరిగింది. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు భారతీయ జాతుల మీద స్టాంపులు విడుదల చేసింది: హిమాలయ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్, రాజపాళయం. 2020 ఆగస్టు 30న ప్రధాని రేడియో ప్రసంగంలో దేశవాళీ జాతులను పెంచుకోమని కోరారు. అదే కాలంలో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ జాతులను నమోదు చేసింది. ఆ తొలి మూడింటిలో జోనంగి లేదు. పుట్టిన నేల మీద కొందరు ఔత్సాహికులు మాత్రం పల్లెల్లో తిరిగి మంచి లక్షణాలున్న కుక్కలను వెతికి పెంచుతున్నారు.

జోనంగిని ఇంట్లో పెంచాలంటే ముందు స్థలం చూసుకోవాలి. రోజుకు రెండుసార్లు పరుగు, మధ్యలో హాయిగా నిద్ర దీనికి సరిపోతాయి. పరుగుకు చుట్టూ కంచె ఉన్న తోటో, మూసిన దొడ్డో కావాలి. పిల్లి గానీ కోడి గానీ పారడం చూసిన సైట్‌హౌండు పిలుపు వినదు. పెద్ద రోడ్డు పక్క ఊళ్ళలో మెడపట్టీ, తాడు లేకుండా వదలడం ప్రాణాపాయం, రావులపాలెం వంటి రహదారి కూడలిలో మరీను. ఈ తెగ కుక్కల మెడ తలంత లావు ఉంటుంది, మామూలు పట్టీ జారిపోతుంది. వెడల్పాటి పట్టీ వాడాలి.

తవ్వే అలవాటును కొట్టి మాన్పించలేరు. దొడ్లో ఒక మూల ఇసుకో వదులు మట్టో పోసి నీడ కల్పిస్తే కుక్క అక్కడే తవ్వుకుంటుంది, పూలమొక్కల జోలికి రాదు. కంచె అడుగు భాగం నేలలోకి దిగి ఉండాలి. సిమెంటు నేల మీద మాత్రమే ఉంచితే ఒంట్లో కొవ్వు లేని కారణంగా మోచేతులు, తుంటి దగ్గర చర్మం కాయలు కాచి పుండ్లు పడతాయి. గోనెసంచి పరుపైనా ఉండాలి. పొట్టి వెంట్రుక డెల్టా ఉక్కకు అనుకూలం. దువ్వే పని దాదాపు లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. అయితే చర్మం పలచన. ముళ్ళకంచె గీసుకున్నా లోతుగా చిరుగుతుంది. వానాకాలంలో పిడుదులు కాలివేళ్ళ సందుల్లో, చెవుల్లో చేరతాయి. అవి మోసే జ్వరాలు కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. వారానికోసారి వేలితో తడిమి చూడటం, పశువైద్యుడు చెప్పిన మందు వాడటం తప్పనిసరి.

తిండి విషయంలో పాత అలవాటును సవరించుకోవాలి. చేప జోనంగికి సహజాహారం, మంచిది కూడా. కానీ చెరువు చేపలైన శీలావతి, బొచ్చె కార్పు తెగకు చెందినవి. ఆ తెగ చేపల పచ్చి మాంసంలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. అదే పనిగా పచ్చిది పెడితే నరాల జబ్బు వస్తుంది. ఉడికిస్తే ఆ దోషం పోతుంది, పురుగులూ చస్తాయి. ముల్లు తీసిన ఉడికిన చేప, అన్నం, గుడ్డు, కొంచెం కూరగాయ ఇంటి కుక్కకు నిండైన భోజనం. ఉప్పు పట్టించిన ఎండు చేప కుక్కకు తగదు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన కోడి ఎముక ఏ కుక్కకూ పెట్టకూడదు. చివరి పక్కటెముకలు లీలగా కనిపించడం ఈ తెగ ఒంటికి ఆరోగ్య లక్షణమే. చూసేవారు బక్కచిక్కిందని జాలిపడి తిండి పెంచితే కీళ్ళకు భారం. లోతైన రొమ్ము గల కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదముంది. అందుకే తిన్న వెంటనే పరుగెత్తించకూడదు, రోజు తిండిని రెండు పూటలుగా పెట్టాలి.

పశువైద్యశాలకు తీసుకెళ్ళినప్పుడు చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఒంట్లో కొవ్వు తక్కువైన గ్రేహౌండు వంటి కుక్కలకు థయోపెంటాల్ తరహా మత్తుమందు దిగడానికి చాలా సేపు పడుతుంది. వాటి రక్తంలో ఎర్రకణాల శాతం కూడా ఇతర కుక్కల కంటే ఎక్కువ. జోనంగి వంటి సన్నటి కుక్కకూ మత్తు ఇచ్చేముందు బరువు కచ్చితంగా తూచడం, సురక్షితమైన మందు ఎంచుకోవడం మేలు. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి పశువైద్యుడు చెప్పిన గడువుల్లో కొనసాగించాలి. డిస్టెంపర్, పార్వో టీకాలు అంతకన్నా ముందే, రెండో నెల నుంచే మొదలవుతాయి. వరద వచ్చే లంకల్లో ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ టీకా కూడా వేయించాలి. ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది.

శిక్షణలో గట్టిగా అరవడం, కొట్టడం పనిచేయవు. బెదిరిన జోనంగి మనిషిని దూరం పెడుతుంది, మళ్ళీ దగ్గరవడానికి చాలా కాలం పడుతుంది. పిల్ల రెండు నుంచి నాలుగు నెలల వయసులో ఉన్నప్పుడే పిల్లలు, కొత్త మనుషులు, కోళ్ళు, పశువులు, మోటారు చప్పుళ్ళు పరిచయం చేయాలి. ఒక మనిషికి అంటుకుపోయే స్వభావం వల్ల పెరిగిన కుక్కను ఇంటి నుంచి ఇంటికి మార్చడం దానికి పెద్ద బాధ. కొనుక్కునేముందే పదేళ్ళకు పైబడిన బాధ్యతకు సిద్ధపడాలి. మొరగదు కాబట్టి కాపలాకు పనికిరాదనుకోవడం పొరపాటు. కొత్తవాడు గేటు తాకితే దాని కూత ఇంటిల్లిపాదినీ లేపుతుంది.

సంతతిని నిలపడం అన్నిటికంటే క్లిష్టమైన పని. మిగిలిన కుక్కలు కొద్ది కాబట్టి అన్నాచెల్లెళ్ళనూ తల్లీకొడుకులనూ జత కలిపే ప్రలోభం ఉంటుంది. రెండు మూడు తరాల్లో దాని ఫలితం బలహీనమైన పిల్లలు, పుట్టు చెవుడు, గొడ్డుతనం. తెల్లటి ఒళ్ళు కోసం ఎంచి జతకట్టిన రాజపాళయంలో చెవిటి పిల్లలు పుట్టడం తెలిసిన సంగతే. జోనంగి పెంపకందారులు రంగు వెంట పడకూడదు. కొల్లేరు దిబ్బల కుక్కనూ, కోనసీమ లంకల కుక్కనూ దూరపు జతలుగా కలపడం క్షేమం. ఆడకుక్కకు రెండేళ్ళు నిండాకే, ఈతకూ ఈతకూ తగిన విరామం ఇచ్చి పిల్లలు పెట్టించాలి. రూపాన్ని మాత్రమే చూసి ఎంచుకుంటే పనిగుణం పోతుంది. బాతుల మందలో, కనీసం కోళ్ళ నడుమ, నెమ్మదిగా నడిచే కుక్కల సంతతికి ముందు చోటివ్వాలి.

ప్రతి జతకూ రాత ఉండాలి: తల్లి, తండ్రి, వారి ఊళ్ళు, పుట్టిన తేదీ, పిల్లల సంఖ్య, రంగు, ఎత్తు, బరువు, వచ్చిన జబ్బులు, పిల్లలు చేరిన ఇళ్ళు. ఒక జాతిని జాతీయ స్థాయిలో నమోదు చేయాలంటే అది పుట్టిన ప్రాంతం, దాని సంఖ్య, ఒంటి కొలతలు, ఇతర జాతుల నుంచి దాన్ని వేరుచేసే గుణాలు ఆధారాలతో చూపాలి. ముధోల్ కోసం కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం తిమ్మాపూర్‌లో ఒక పరిశోధన కేంద్రం నడుపుతోంది. తెలుగు నేల మీద తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం, గన్నవరంలో పశువైద్య కళాశాల ఉన్నాయి. గన్నవరం కొల్లేటికి దగ్గర. కాపరులు, చేపలు పట్టేవారు నోటిమీద చెప్పగల సంగతులు ఇంకా దొరుకుతాయి. కొలతలు, రక్త నమూనాలు, కూత ధ్వని ముద్రణలు సేకరించే పని ఆ పెద్దలు బతికుండగానే మొదలవాలి.